వైద్యుడు కాలేకపోయినా వైద్యానికి దారి చూపిన లెక్కల మనిషి

వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష ఫలితాలు వెలువడే రోజుల్లో మన ఇళ్ళలో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. డాక్టరు కావాలని రాత్రింబవళ్ళు చదివిన బిడ్డ నాలుగు మార్కుల తేడాతో సీటు పోగొట్టుకుని మూల కూర్చుంటుంది. అమ్మీ కన్నీళ్ళు పెట్టుకుంటుంది. అబ్బా మౌనంగా ఉండిపోతాడు. బంధువులు వచ్చి పెదవి విరిచి వెళతారు. అలాంటి బిడ్డలకూ, వారి తల్లిదండ్రులకూ ఒక మనిషి జీవితాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆయనా డాక్టరు కావాలనుకున్నారు, కాలేకపోయారు. అయినా ప్రపంచంలోని డాక్టర్లందరూ నేడు ఆయన నేర్పిన పద్ధతినే అనుసరిస్తున్నారు. ఆయన పేరు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్.

మంచం మీద చదువు

హిల్ 1897లో లండన్‌లో జన్మించారు. తండ్రి లియొనార్డ్ హిల్ పేరు పొందిన శరీర ధర్మ శాస్త్రవేత్త. కొడుకు కూడా వైద్యమే చదవాలనుకున్నాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. నౌకాదళ విమాన విభాగంలో చేరి తూర్పు మధ్యధరా ప్రాంతానికి వెళ్ళిన ఆయనకు క్షయ సోకింది. మన పెద్దలు 'దిక్' అని గుసగుసగా చెప్పుకుని, పేరెత్తడానికే జంకిన జబ్బు ఇదే. అప్పటికి దానికి మందు లేదు. 1917లో ఆయనను స్వదేశానికి పంపేశారు. రెండేళ్ళు ఆసుపత్రిలో, మరో రెండేళ్ళు ఇంట్లో విశ్రాంతి. వైద్య విద్య ఆశ అక్కడితో ముగిసింది.

అయితే ఆయన పుస్తకం వదలలేదు. పోస్టు ద్వారా పాఠాలు చదివి 1922లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రంలో పట్టా పొందారు. కుటుంబ మిత్రుడైన మేజర్ గ్రీన్‌వుడ్ ఆయనను ఆరోగ్య పరిశోధన వైపు మళ్ళించారు. ('మేజర్' అన్నది ఆయన పేరే, సైనిక హోదా కాదు.) గణాంక శాస్త్రంలో హిల్‌కు డిగ్రీ లేదు. కార్ల్ పియర్సన్ ఉపన్యాసాలు విని నేర్చుకున్నారు. 1937లో డాక్టర్లకు అర్థమయ్యే సులువైన భాషలో 'లాన్సెట్' పత్రికలో వరుసగా పాఠాలు రాశారు. 1945లో గ్రీన్‌వుడ్ తర్వాత అదే శాఖలో ప్రొఫెసరయ్యారు.

మందు కొద్ది, రోగులు ఎందరో

1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అనే మందు కనుగొన్నారు. అది క్షయ క్రిములను చంపుతుందని తేలింది. యుద్ధంతో ఖజానా ఖాళీ అయిన బ్రిటన్ దానిని కొద్దిగానే కొనగలిగింది. ఎవరికివ్వాలి? ఎవరిని వదిలేయాలి?

మామూలుగా అయితే డాక్టరు తనకు జాలి కలిగిన రోగికో, కోలుకుంటాడని తోచిన రోగికో ఇస్తాడు. అప్పుడు రోగి లేచి కూర్చుంటే అది మందు మహిమా, రోగి శరీర బలమా తేలదు. అంతకుముందు బంగారు లవణాల ఇంజెక్షన్లు క్షయకు మంచివని ఏళ్ళ తరబడి నమ్మి ఎందరికో ఇచ్చారు. చివరికి మేలు కనబడకపోగా హాని జరిగిందని తేలింది.

హిల్ చెప్పిన ఉపాయం ఇది. అందరికీ సరిపడా మందు ఎలాగూ లేదు. కాబట్టి ఎంపికను మనిషి చేతిలో పెట్టకుండా చీటీకి వదిలేయాలి. అంకెల పట్టిక ప్రకారం ముందే చీటీలు సిద్ధం చేసి కవర్లలో పెట్టి అంటించారు. రోగి పరిశోధనకు తగినవాడని నిర్ణయించిన తర్వాతే కవరు విప్పేవారు. ఎక్స్‌రేలు చూసే నిపుణులకు ఏది ఎవరిదో తెలియనివ్వలేదు.

ఫలితాలు 1948 అక్టోబరులో అచ్చయ్యాయి. మందు, విశ్రాంతి రెండూ పొందిన 55 మందిలో ఆరు నెలల్లో మరణించినవారు నలుగురు. విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది. ఆ 14 మందీ ఏదో ఒక తల్లి కన్న బిడ్డలే. తాము పరిశోధనలో ఉన్నామని కూడా వారికి నాడు చెప్పలేదు. నేడైతే రోగి సమ్మతి లేకుండా అలా చేయకూడదు. అయితే మందు పనిచేస్తుందని సందేహం లేకుండా తెలిసింది. దానిని ఒంటరిగా వాడితే క్రిములు మొండికెక్కుతాయనీ తెలిసింది. రెండు మందులు కలిపి ఇచ్చే పద్ధతి అక్కడి నుంచే బలపడింది.

పొగ వెనుక నిజం

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1922లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించినవారు 612 మంది. 1947 నాటికి ఆ సంఖ్య 9,287 అయింది. రోడ్డు తారు కారణమా, మోటారు పొగ కారణమా అని అనుమానించారు. హిల్, ఆయన సహచరుడు రిచర్డ్ డాల్ లండన్ ఆసుపత్రుల్లో రోగుల అలవాట్లు అడిగి రాయించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ సోకిన 649 మంది మగవారిలో పొగతాగనివారు ఇద్దరే. ఇతర జబ్బులున్న 649 మందిలో 27 మంది. ఆ లెక్క చూసి డాల్ స్వయంగా సిగరెట్ మానేశారు. 1950లో వెలువడిన ఆ ఫలితాలను మొదట చాలామంది నమ్మలేదు. అందుకే 1951లో బ్రిటన్ డాక్టర్లకే ఉత్తరాలు రాశారు. జవాబిచ్చిన దాదాపు 40,000 మంది ఆరోగ్యాన్ని గమనించడం మొదలుపెట్టారు. అది యాభై ఏళ్ళు సాగింది. సిగరెట్ తాగే అలవాటు మానని డాక్టర్లు సగటున పదేళ్ళు ముందుగా మరణించారు. ముప్పై ఏళ్ళ వయసులో మానినవారికి ఆ పదేళ్ళూ దక్కాయి. అరవైలో మానినా మూడేళ్ళు దక్కాయి. ఈ లెక్క మన ఇళ్ళలోని మగవారు ఒకసారి చదువుకోవాలి.

మద్రాసులో పేదవాడి గెలుపు

ఇదే చీటీల పద్ధతి 1956లో మద్రాసుకు వచ్చింది. అప్పట్లో క్షయ రోగిని నెలల తరబడి శానిటోరియంలో ఉంచాలనేవారు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో అది సాధ్యమా? పైగా పడకలు కూడా చాలవు. అక్కడి క్షయ పరిశోధన కేంద్రం 193 మంది రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని శానిటోరియంలో, మరో భాగాన్ని ఇంటి దగ్గరే ఉంచి అవే మందులు ఇచ్చింది. ఇంటివారి తిండి తక్కువ, గది ఇరుకు. అయినా ఏడాది తర్వాత ఫలితం దాదాపు సమానం. ఇంట్లో ఉన్న భార్యాబిడ్డలకు జబ్బు ఎక్కువగా సోకిన దాఖలా కూడా కనబడలేదు. 1959లో వెలువడిన ఈ లెక్క ప్రపంచ దేశాల క్షయ చికిత్సనే మార్చివేసింది. రోగి ఇల్లు విడిచిపోనక్కరలేకుండా పోయింది.

మన బిడ్డలకు దారి

ఈ వృత్తిని నేడు బయోస్టాటిస్టిక్స్ అంటున్నారు. ఎంతమందిని పరీక్షించాలి, ఎవరిని ఎవరితో పోల్చాలి, ఏ ప్రశ్న అడగాలి, వచ్చిన తేడా నిజమా, కాకతాళీయమా అని తేల్చడం వీరి పని. ఇంటర్‌లో గణితం చదివి, డిగ్రీలో గణాంక శాస్త్రం తీసుకున్నవారు ఎమ్మెస్సీ ద్వారా ఇందులోకి రావచ్చు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో దీనికి ప్రత్యేక శాఖ ఉంది. వైద్య పరిశోధన సంస్థల్లో, మందుల కంపెనీల్లో వీరి అవసరం ఉంటుంది. ఆడపిల్లలు కూడా నిశ్చింతగా చేయదగిన గౌరవమైన పని ఇది.

హిల్ 1991లో కన్నుమూశారు. ఆయన ఏ రోగి నాడీ పట్టలేదు. లెక్కను నిజాయితీగా వేశారు, తన ఇష్టాయిష్టాలను అందులో కలవనివ్వలేదు. అదీ ఒక ఖిద్మతే. సీటు రాలేదని మూల కూర్చున్న బిడ్డను ఈసారి నిందించకండి. పక్కన కూర్చుని ఈ మనిషి కథ చెప్పండి.