స్థూలకాయము

దేహమునందలి క్రొవ్వు మానవునకు పగవాడు కాదు. అది చర్మము క్రింద పొరగానుండి చలిని కాచును. మూత్రపిండములవంటి సుకుమారములైన అవయవములచుట్టు దిండువలె అమరి దెబ్బ తగులనీయదు. అన్నిటికన్న ముఖ్యముగా, తిండి దొరకని దినములకై దాచియుంచిన ధాన్యపు గాదెవలె ఉపయోగపడును. పంట పండిన యేట కడుపునిండ తిని, పండని యేట పస్తులుండుట వేలకొలది సంవత్సరములు మానవజాతికి అలవాటైన బ్రతుకు. ఆ కాలమున ఒంటిలో కొంత నిలువ చేసికొనగలిగినవారు కరవులకు తట్టుకొని బ్రతికి బట్టకట్టిరి. బొద్దుగానుండుట భాగ్యలక్షణమని పెద్దలు తలచుటకు ఇదియు నొక కారణము. నేటికిని పిల్లవాని బుగ్గలు నిండుగానున్నచో తల్లి మురిసిపోవును, చిక్కినచో “అన్నము పెట్టుట లేదా?” అని ఇరుగుపొరుగువారు నిలదీయుదురు.

అయితే గాదె నిండిన పిమ్మటను ధాన్యము పోయుట మాననిచో ఏమగును? నేటి మానవుని చిక్కు సరిగా ఇదియే. అవసరమునకు మించి దేహమున పేరుకొని ఆరోగ్యమునకు హాని చేయు క్రొవ్వు వలన కలుగు స్థితినే స్థూలకాయ మందురు. అది మధుమేహమునకు, రక్తపుపోటునకు, గుండెజబ్బునకు త్రోవ తీయును. కాలేయమున క్రొవ్వు చేరును. మోకాళ్లు మోయవలసినదానికన్న ఎక్కువ బరువును మోసి అకాలమున అరిగిపోవును. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుటయు కలదు.

ప్రాచీన వైద్యులు ఈ సంగతి నెరుగనివారు కారు. చరకసంహిత మిక్కిలి కృశించినవాని దేహమును, మిక్కిలి లావెక్కినవాని దేహమును రెండింటిని గూడ బాధలకు లోనగునవిగనే పేర్కొన్నది. స్థూలకాయమునకు అందు చెప్పిన కారణములలో అతిభోజనము, తీపియు జిడ్డును గల బరువైన ఆహారము, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర ఉన్నవి. వీనితోపాటు ‘బీజస్వభావము’, అనగా తల్లిదండ్రులనుండి సంక్రమించిన గుణముగూడ ఒక కారణముగ చెప్పబడినది. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. దానితో ముందు పని కలదు.

తిండి సంగతి అందరును ఎరిగినదే. పని సంగతి అంత తేటగా తెలిసినది కాదు. దానిని లెక్కలతో లోకమునకు చూపినవి లండను నగరపు బస్సులు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాతి సంవత్సరములలో లండను వీధులలో రెండంతస్తుల ఎర్రబస్సులు తిరుగుచుండెను. ఒక్కొక్క బస్సున ఇద్దరు ఉద్యోగులు. డ్రైవరు తన పనివేళలో చాలభాగము పీటము వదలక కూర్చుండి బస్సును నడుపును. కండక్టరు టిక్కెట్లిచ్చుటకై క్రింది అంతస్తునుండి పై అంతస్తునకు, పైనుండి క్రిందికి తిరుగుచునే యుండును. ఒక దినమున అతడు ఎక్కు మెట్ల సంఖ్య సుమారు 500 నుండి 750 వరకు ఉండెను. ఇద్దరును ఒకే నగరమువారు, ఒకే సంస్థలో జీతము తీసికొనువారు. ఒకే బస్సులో దినమంతయు గడుపువారు. ఒకడు కూర్చుండును, ఒకడు తిరుగును. చెప్పుకొనదగిన పెద్ద భేదము అదియే. జెర్రీ మారిస్ అను వైద్యుడును, ఆయన సహచరులును 35 మొదలు 64 సంవత్సరముల వయసుగల సుమారు 31,000 మంది బస్సు ఉద్యోగుల ఆరోగ్యమును పరిశీలించి, 1953వ సంవత్సరమున తమ ఫలితములను ‘లాన్సెట్’ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగను, కండక్టర్లలో తక్కువగను కనబడెను. కండక్టర్లకు వచ్చినను అది ఆలస్యముగ వచ్చెను. అంత తీవ్రముగను ఉండలేదు. ఉత్తరములు పంచుచు నడిచియు, సైకిలు త్రొక్కియు తిరుగు తపాలా ఉద్యోగులను, బల్లముందు కూర్చుండి పనిచేయు గుమాస్తాలతో పోల్చి చూడగా అక్కడను ఇట్టి భేదమే తేలెను.

మారిస్ బృందము అంతటితో ఆగలేదు. బస్సు సంస్థ ఉద్యోగులకు దుస్తులు కుట్టించి యిచ్చుచుండెను గదా. ఆ దుస్తుల కొలతల పుస్తకములను తెప్పించి చూచిరి. దర్జీ టేపు అబద్ధమాడదు! పొడవు సమానముగానున్న ఇద్దరిలో డ్రైవరు పంట్లాము నడుము కండక్టరు పంట్లాము నడుముకన్న వెడల్పుగానుండుట అందు బయటపడెను. ఈ ఫలితము 1956లో వెలువడినది. అయితే ఇక్కడ నొక మెలిక కలదు. వయసు తక్కువగానున్న డ్రైవర్ల నడుములును అదే వయసు కండక్టర్ల నడుములకన్న పెద్దవిగనే యుండెను. అట్లయిన కూర్చుండుటవలన వారు లావెక్కిరా, లేక లావుగానున్నవారే కూర్చుండు ఉద్యోగమును కోరుకొనిరా? మారిస్ ఈ ప్రశ్నను దాచిపెట్టక తానే ముందుంచెను. శాస్త్రజ్ఞుని నిజాయితీ ఇట్టిది. ఆ తరువాత అనేక దేశములలో జరిగిన పరిశోధనలు మాత్రము శరీరశ్రమ గుండెను కాపాడునని నిస్సందేహముగ నిరూపించినవి.

లండను డ్రైవరుకు ఆనాడు పట్టిన స్థితియే నేడు లోకమున చాలమందికి పట్టినది. తెలుగునాట రెండు తరముల క్రిందట ఇంటింట బావినుండి నీరు చేదుట, రోటిలో రుబ్బుట, తిరుగలి విసరుట, వడ్లు దంచుట ఉండెను. బడి క్రోసెడు దూరమున నుండెను. పిల్లలు నడిచి పోయి నడిచి వచ్చిరి. ఆ చాకిరి మరల రావలెనని కోరుట తగదు. దాని బరువు ఎక్కువగ స్త్రీల వీపుపైననే పడినది. కాని ఆ పని పోయినపుడు దానికి తగినట్లు తిండి తగ్గలేదు సరికదా, నూనెయు పంచదారయు చవుకయై ఇంకను పెరిగినది. ‘కూర్చుండి తిన్నచో కొండలైనను కరగును’ అని సామెత. అది ఆస్తిని గూర్చిన మాట. దేహము విషయమున మాత్రము కూర్చుండి తిన్నచో కొండ కరగదు, పెరుగును.

ఆ పెరుగుదల యెట్టిదో కొంచెము లెక్క కట్టి చూడవచ్చును. ఒక గ్రాము పిండిపదార్థముగాని పంచదారగాని దేహమునకు సుమారు 4 కిలోకేలరీల శక్తి నిచ్చును. ఒక గ్రాము నూనె 9 ఇచ్చును. ఒక కిలో దేహపు క్రొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీలు దాగియుండును. అవసరమునకు మించి దినమునకు 100 కిలోకేలరీలు, అనగా ఐదు చిన్న చెంచాల పంచదార, తినువాడు ఏడాదికి నాలుగు కిలోలకు పైగా పెరుగవలెను. దేహము కొంత సర్దుబాటు చేసికొనును గనుక నిజమునకు అంత పెరుగడు. అయినను కొంచెము కొంచెముగ, ఎవరికిని తెలియకుండ, బరువు కూడుట ఈ విధముగనే. జొన్నలు, సజ్జలు, రాగులు తిన్నచో లావు తగ్గునని కొందరందురు. వానిలో పీచు ఎక్కువ కాబట్టి కడుపు త్వరగా నిండును, అది మంచిదే. కాని శక్తి విషయమున అవి బియ్యమునకు దాదాపు సమానములు. రాగిసంకటి యైనను మితము తప్పినచో లెక్క తప్పదు.

స్థూలకాయమును కొలుచుట యెట్లు? పందొమ్మిదవ శతాబ్దమున బెల్జియము దేశపు గణితవేత్త అడాల్ఫ్ కెట్లే ఒక సూత్రమును కనిపెట్టెను. బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని ఆ ఎత్తు వర్గముచేత భాగింపవలెను. 1 మీటరు 60 సెంటీమీటర్ల పొడవు, 64 కిలోల బరువు గలవానికి వచ్చు ఫలము 25. పెద్దవారిలో ఈ సంఖ్య 25 మొదలు అధికభారమనియు, 30 మొదలు స్థూలకాయమనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినది. భారతీయులకు ఈ హద్దులు చాలవు. పుణె నగరపు వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యడ్కిన్ ప్రక్కప్రక్కన నిలిచి తీయించుకొన్న ఒక ఛాయాచిత్రము 2004లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చినది. ఇద్దరికిని పై సూత్రము ప్రకారము వచ్చిన సంఖ్య ఒక్కటియే, 22.3. కాని దేహములోని క్రొవ్వును కొలిచి చూడగా ఆంగ్లేయునిలో నూటికి 9.1 పాళ్లు, భారతీయునిలో 21.2 పాళ్లు తేలినది! చూపునకు సన్నగనున్నను పొట్టలోపల క్రొవ్వు దాచుకొనుట భారతదేశపు దేహములలో తరచుగ కనబడును. అందుచే మన వైద్యులు 23 దాటినంతనే జాగ్రత్తపడుమని చెప్పుదురు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదందురు. ఈ హద్దులన్నియు పెద్దవారికే. ఎదుగుచున్న పిల్లలకు వయసునుబట్టి వేరు పట్టికలున్నవి. వానిని చూచి చెప్పవలసినది వైద్యుడు.

భారతదేశమున ఈ సమస్య ధనికుల యిండ్ల గడప దాటి చాలకాలమైనది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 24 మంది అధికభారము గలవారు. ఆంధ్రప్రదేశమున ఆ సంఖ్య 36.3, తెలంగాణమున 30.1. అదే సర్వేలో దేశమున నూటికి సుమారు 19 మంది స్త్రీలు ఉండవలసినదానికన్న తక్కువ బరువుతో కృశించియున్నట్లును తేలినది. ఒకే వీధిలో ఒక యింట తిండి చాలమి, మరియొక యింట తిండి మిక్కుటము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రము ఈ మార్పును చక్కగ చూపును. 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెకారిసన్ ఒకే గదిలో దానిని ప్రారంభించినపుడు పరిశోధింపవలసినది బెరిబెరి వ్యాధి. అనగా ఆహారమున లోపించినదానివలన వచ్చు వ్యాధి. 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన ఆ సంస్థ 2024లో ప్రకటించిన 17 ఆహార సూత్రములలో పొట్టచుట్టు క్రొవ్వు పెరుగకుండ చూచుకొనుట గూడ ఒకటి. భోజనమున ధాన్యములనుండి వచ్చు శక్తి నూటికి 45 పాళ్లు మించరాదని ఆ సంస్థ సలహా. విస్తరినిండ అన్నము పెట్టి అంచున నింత కూర వేసికొను అలవాటునకు ఇది గట్టి దెబ్బయే.

ఇక బీజస్వభావము మాట. 1994లో అమెరికాలోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు లెప్టిన్ అను పదార్థమునకు మూలమైన జన్యువును కనుగొనెను. క్రొవ్వుకణములు లెప్టిన్‌ను రక్తములోనికి విడిచి, “నిలువ చాలినది, ఇక తినకుము” అని మెదడునకు వార్త పంపును. 1997లో ఇంగ్లండున కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు పుట్టుకతోనే లెప్టిన్ లోపించిన ఇద్దరు పిల్లలను గుర్తించిరి. వారి ఆకలికి అంతు లేకుండెను; దేహములు విపరీతముగ పెరిగినవి. తరువాత లెప్టిన్‌నే సూదిమందుగ ఇచ్చినపుడు ఆ ఆకలి అణగి బరువు తగ్గుట మొదలిడెను. ఇట్టి లోపము మిక్కిలి అరుదు. కాని తేలికగ లావెక్కు గుణము ఎక్కువతక్కువలుగ అనేకులకు వంశముననుసరించి వచ్చుననుట నేడు సందేహము లేని సంగతి. ఒకే కంచమున తిని, ఒకే మైదానమున ఆడిన ఇద్దరన్నదమ్ములలో ఒకడు సన్నగ, ఒకడు లావుగ నుండుట మనము చూచుచునే యున్నాము.

ఇది తెలిసినవాడు తరగతిలో లావుగానున్న తోటి విద్యార్థికి ఎగతాళి పేరు పెట్టడు. అట్టి పేరు విన్నవాడు సన్నబడడు. ఆటస్థలమునకు పోవుట మానును. నలుగురిలో తినుటకు సిగ్గుపడి చాటున తినును. ఎవరికిని చెప్పుకొనక దుఃఖించును. బరువును పెంచుటకు ఇంతకన్న మంచి ఉపాయము లేదు! మరికొందరు బాలికలు, బాలురు పరిహాసమునకు భయపడి పూటలకొలది భోజనము మానుదురు. ఎముకలు, కండలు పెరుగు వయసున ఇది గొప్ప అపాయము. పిల్లలకు కావలసినది ఉపవాసము కాదు. పప్పు, ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు, మజ్జిగ కలిగిన భోజనము, వేళకు నిద్ర, ఆట. 5 మొదలు 17 ఏండ్లవారు దినమునకు సగటున ఒక గంట ఒగర్పు వచ్చునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. కబడ్డీకి కొనవలసిన సామగ్రి ఏమియు లేదు. ఆటల గంటను లెక్కల ఉపాధ్యాయునకు అప్పగించు పాఠశాలలు ఈ సంగతిని ఆలోచింపవలసియున్నది.

పిల్లల నిగ్రహముపైననే భారమంతయు వేయుట న్యాయము కాదని గ్రహించిన ప్రభుత్వములు కొన్ని చట్టములు చేసినవి. భారతదేశమున 2020 నాటి నిబంధనలు క్రొవ్వు, ఉప్పు, పంచదార మిక్కుటముగనున్న పదార్థములను పాఠశాలలోపలను, దాని ద్వారమునకు 50 మీటర్ల లోపలను అమ్మరాదని శాసించినవి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశము 2016లో అట్టి పదార్థముల ప్యాకెట్టుపై ముందువైపున నల్లని ఎనిమిదికోణముల ముద్ర వేయవలెనని నిర్బంధించినది. చదువురాని తల్లియు దుకాణమున దానిని చూచినంతనే గుర్తించును. ఆ ముద్రను తప్పించుకొనుటకై అనేక సంస్థలు తమ పదార్థములలో పంచదారను తగ్గించినవి.

మన దేశపు ప్యాకెట్లపైనను, సీసాలపైనను పంచదార లెక్క సాధారణముగ వెనుకవైపున చిన్న అక్షరములలో నుండును. తీపి పానీయపు సీసాపై నూరు మిల్లీలీటర్లకు 10.6 గ్రాములని వ్రాసియున్నదనుకొందము. అది 250 మిల్లీలీటర్ల సీసా యైనచో రెండున్నరతో గుణించి, వచ్చినదానిని నాలుగుతో గుణించిన కిలోకేలరీలు తేలును. ఎనిమిదవ తరగతి విద్యార్థికి అది కాగితము అక్కరలేని లెక్క.