‘మెకన్నాస్ గోల్డ్’ లోయకి ఎక్కడ దిగాలి?

మా నాన్నగారు ఆర్టీసీలో ముప్ఫయ్యేళ్ళు పనిచేశారు. మొదట కండక్టరు, తర్వాత బస్టాండులో కంట్రోలరు. జీవితంలో తాను రెండే రెండు సంగతులు క్షుణ్ణంగా నేర్చుకున్నానంటారు. ఏ ఊరు వెళ్ళాలంటే ఎక్కడ దిగాలి, ఏ సినిమాకి ఏ క్లాసులో కూర్చోవాలి!

ఆయన కుర్రతనంలో నేల టిక్కెట్టుకి కూర్చుని ఏడుసార్లు చూసిన సినిమా ‘మెకన్నాస్ గోల్డ్’. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ నటించగా జె. లీ థాంప్సన్ దర్శకత్వం వహించిన యీ చిత్రం 1969లో వచ్చింది. సొంత దేశంలో ఎలా ఆడిందో గాని, మన దేశంలో మాత్రం జనం విరగబడి చూశారు. ఇంగ్లీషు ముక్క రాని రిక్షా కార్మికులు సైతం గుర్రాల కోసం, బంగారు లోయ కోసం, తెల్లవారుజామున పెద్ద రాతి స్తంభం నీడ సాగి సాగి కొండదారి చూపించే ఆ ఘట్టం కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళేవారట. 1971లో మన కృష్ణ హీరోగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చిందంటే, ఆ కౌబాయ్ గాలి మన దాకా ఎంత బలంగా వీచిందో వేరే చెప్పక్కర్లేదు గదా!

2023 మే 31న కృష్ణ జయంతికి ఆ చిత్రాన్ని మళ్ళీ విడుదల చేసినప్పుడు నాన్నగార్ని తీసుకెళ్ళాను. ఆట అయిపోయి బయటికొచ్చాక, సోడా తాగుతూ ఓ మాటన్నారు.

“ఒరేయ్, మనవాళ్ళు రాజస్థాన్ వెళ్ళి తీశారు. బానే ఉంది. ఆ అసలు లోయ ఒక్కసారి చూడాలని ఉందిరా.”

అడగని మనిషి అడిగారు. అప్పటికి ఆయనకి గుండెలో స్టెంటు వేసి ఏడాది. తర్వాత చూద్దాంలే అనుకునే వయసు కాదు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి ఆ రాత్రే ఫోన్ చేశాను.

వేగాస్ చౌక... అయితే?

2024 అక్టోబరులో అమ్మా, నాన్నగారూ, నేనూ డల్లాస్ చేరాం. తమ్ముడికి దొరికిన సెలవు సరిగ్గా నాలుగు రోజులు. కంప్యూటర్ ముందు కూర్చుని వాడు అప్పటికే ఏర్పాట్లు సగం చేసేశాడు.

“గ్రాండ్ కాన్యన్‌కి అందరూ లాస్ వేగాస్ నుంచే వెళతారన్నయ్యా. టిక్కెట్లు చౌక, హోటళ్ళు చౌక. రెండున్నర గంటల్లో కాన్యన్. గాజు వంతెన కూడా ఎక్కొచ్చు” అన్నాడు.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కాని పత్రికల్లో రాసుకు బతికేవాణ్ణి, మాప్ చూడకుండా ఒప్పుకుంటే ఎలా? చూశాను. అక్కడే మొదటి ముడి బయటపడింది.

వేగాస్ నుంచి సుమారు 130 మైళ్ళలో ఉన్నది గ్రాండ్ కాన్యన్ వెస్ట్. అది హువాలపాయ్ తెగవారి భూమి. 2007లో ప్రారంభమైన ఆ గాజు వంతెన వాళ్ళదే. చూడదగ్గదే, కాదనను. కాని అది నేషనల్ పార్కులో లేదు! పార్కులోని ప్రధాన ప్రదేశం సౌత్ రిమ్. వేగాస్‌లో దిగి అక్కడికి పోవాలంటే 280 మైళ్ళు, నాలుగున్నర గంటల ప్రయాణం. రెండిటికీ ‘గ్రాండ్ కాన్యన్’ అనే పేరు చూసి, ఒకటి చూసి రెండోది చూశామనుకుని తిరిగొచ్చిన మనవాళ్ళు ఎందరో!

సరే, ఇంకేం దార్లున్నాయి? ఫీనిక్స్ పెద్ద విమానాశ్రయం. డల్లాస్ నుంచి రోజంతా విమానాలే. అక్కణ్ణుంచి సౌత్ రిమ్ 230 మైళ్ళు, మూడున్నర గంటలు. ఫ్లాగ్‌స్టాఫ్‌లో దిగితే 80 మైళ్ళే, గంటన్నర. కాని అది చిన్న విమానాశ్రయం. సర్వీసులు తక్కువ, ఒక విమానం తప్పితే మరోదాని కోసం కాచుక్కూర్చోవాలి. పార్కు గుమ్మంలోనే, టుసాయన్ అనే ఊళ్ళో, ఓ విమానాశ్రయం ఉంది గాని, అక్కడ ప్రధానంగా ఎగిరేవి కాన్యన్‌ని పైనుంచి చూపించే విమానాలూ, హెలికాప్టర్లూ.

ఇంకో సంగతి. ఫీనిక్స్ సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తున ఉంటే, ఫ్లాగ్‌స్టాఫూ సౌత్ రిమ్మూ దాదాపు 7,000 అడుగులు. మన తిరుమల కొండ ఎత్తుకి రెండింతల పైమాటే. స్టెంటున్న మనిషిని ఒక్క ఊపున అంత ఎత్తుకి తీసుకెళ్ళడం నాకు నచ్చలేదు. బయల్దేరే ముందు డాక్టరు గారు గూడా, “వెళ్ళండి గాని మెల్లగా ఎక్కండి, మొదటి రోజు నడక తగ్గించండి, నీళ్ళు బాగా తాగండి” అన్నారు.

అసలు బాంబు

ఇంతలో నా చేతికి అసలు బాంబు తగిలింది. సినిమాలో ఆ నీడ పడే రాతి స్తంభం గ్రాండ్ కాన్యన్‌లో లేదు!

దాని పేరు స్పైడర్ రాక్. అది ఉన్నది అరిజోనా రాష్ట్రానికి ఈశాన్యంలో, నవాహో తెగవారి ప్రాంతంలో, చిన్లీ అనే ఊరి దగ్గర. ఆ లోయ పేరు కాన్యన్ డి షే. అక్షరాలు చూస్తే ‘చెల్లీ’ అని చదువుతాం, పలకడం మాత్రం ‘షే’. 1931 నుంచి అది జాతీయ స్మారక ప్రదేశం. ‘మెకన్నాస్ గోల్డ్’ యూనిట్ ఒక్కచోట తీయలేదు. కాన్యన్ డి షేలో కొంత, గ్లెన్ కాన్యన్ ప్రాంతంలో కొంత, యూటా రాష్ట్రంలో కొంత, ఆరెగాన్‌లో కొంత తీసి ఎడిటింగు బల్లమీద ఒకే లోయ చేశారు. సినిమావాళ్ళ భూగోళం అది!

చెప్పాలా, వద్దా? యాభయ్యేళ్ళుగా ఆయన మనసులో ఉన్న బొమ్మ అది. తమ్ముడు, “చెప్పకన్నయ్యా. సౌత్ రిమ్ చూపించి ఇదే అందాం. ఆయనకేం తెలుస్తుంది?” అన్నాడు.

వాడి బాధ వాడిది. నాలుగే రోజులు. కాని నాకు మనస్కరించలేదు. ముప్ఫయ్యేళ్ళు టిక్కెట్లు కొట్టిన మనిషికి, ఈ ఊరు ఆ ఊరేనని చెప్పి మధ్య స్టేజీలో దించెయ్యమా? మర్నాడు కాఫీ దగ్గర ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. అమ్మ నా వంక కొరకొరా చూసింది. తర్వాత నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఏదీ, మాప్ ఇలా తే” అన్నారు.

కంట్రోలర్ గారి తీర్పు

ఆ రోజు డల్లాస్‌లో భోజనాల బల్లమీద జరిగింది అచ్చంగా బస్టాండ్ కంట్రోలర్ కాబిన్‌లో జరిగే వ్యవహారమే. వేలితో ఒక్కో రోడ్డు మీదా గీస్తూ ప్రశ్నలు వేశారు. “చిన్లీకి దగ్గర పెద్ద స్టాండేది?”

“ఆల్బుకర్కీ, న్యూమెక్సికో రాష్ట్రం. 230 మైళ్ళ పైచిలుకు. నాలుగు గంటలు.”

“చిన్లీ నుంచి గ్రాండ్ కాన్యన్?”

“అదీ దాదాపు అంతే.”

“అక్కణ్ణుంచి మళ్ళీ ఆల్బుకర్కీ?”

“నాలుగొందల మైళ్ళు నాన్నా. ఆరు గంటలు పడుతుంది. అందుకే కుదరదంటున్నా” అన్నాడు తమ్ముడు.

నాన్నగారు నవ్వారు. “ఎక్కిన స్టాండులోనే దిగాలని ఎవడు చెప్పాడ్రా? పోయేది ఆల్బుకర్కీ, వచ్చేది ఫీనిక్స్. వెనక్కి తిరిగే పనే లేదు. ఎత్తు కూడా మెట్లుమెట్లుగా ఎక్కుతాం.”

నిజమే! ఆల్బుకర్కీ 5,300 అడుగులు, చిన్లీ 5,500, ఆ తర్వాతే 7,000. ఒక రాష్ట్రంలో కారు తీసుకుని మరో రాష్ట్రంలో అప్పజెబితే అద్దె కాస్త ఎక్కువ అడుగుతారు. మాకు సుమారు రెండు వందల డాలర్లు పైన పడింది. కాని ఒక రోజు మిగిలింది. నాలుగు రోజుల సెలవులో ఒక రోజంటే నాలుగో వంతు గదా!

తమ్ముడు మూతి ముడుచుకునే టిక్కెట్లు కొన్నాడు. “ఇంత దూరం ఓ రాయి కోసమా?” అని గొణగడం మాత్రం మానలేదు.

నీడ కోసం

మొదటి రోజు పొద్దున ఆల్బుకర్కీలో దిగి, గాలప్ మీదుగా చిన్లీ చేరేసరికి సాయంత్రమైంది. దారిలో అమ్మ కట్టిన పులిహోరే భోజనం. మర్నాడు చీకటితోనే లేచి, సందర్శకుల కేంద్రం నుంచి పదహారు మైళ్ళు లోయ అంచునే పోయి ఆగాం. కారు దిగి కొంచెం నడవాలి. చలి. నాన్నగారు మఫ్లరు చుట్టుకుని, తమ్ముడి భుజం పట్టుకుని మెల్లగా నడిచారు.

అంచుకి చేరాం. కింద లోయలోంచి రెండు శిఖరాల రాతి స్తంభం నిటారుగా లేచి ఉంది. ఎత్తు దాదాపు 800 అడుగులు. నవాహో వారికి అది పవిత్రం. తమ ఆడవాళ్ళకి మగ్గం నేత నేర్పిన సాలీడు తల్లి దాని మీదే ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఆ లోయలో యీనాటికీ నవాహో కుటుంబాలు పొలాలు చేసుకుంటున్నాయి. అందుకే నవాహో గైడు లేనిదే కిందికి దిగనివ్వరు. పైనుంచి చూడ్డానికి మాత్రం రుసుము లేదు.

సూర్యుడు వచ్చాడు. రాయి ఎర్రబడింది. నీడ పడింది. నాన్నగారు కన్నార్పలేదు. నీడ సాగలేదు. పొద్దెక్కుతున్నకొద్దీ కాస్త కాస్త కుంచించుకుపోయింది!

“ఒరేయ్, పొద్దెక్కితే నీడ తగ్గాలి గాని పెరుగుతుందిరా? ఏడుసార్లు చూశాను, ఒక్కసారీ తట్టలేదు!” అని ఆయన పకపకా నవ్వేశారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. తమ్ముడు ఏమీ అనలేదు. నాన్నగారి మఫ్లరు సర్ది, ఫోటో తీశాడు. ఆ రాయి ముందు ఎక్కువసేపు నిలబడ్డది వాడే.

అక్కణ్ణుంచి గ్రాండ్ కాన్యన్ దాకా గడియారాలు మమ్మల్ని ఆడుకున్నాయి. అరిజోనా వేసవిలో గడియారం ముందుకు జరపదు. నవాహో ప్రాంతం జరుపుతుంది. దాని మధ్యలో ఉన్న హోపీ వారి ప్రాంతం జరపదు. ఒక్క దార్లో ఫోన్‌లో గంట వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి! “ఇక్కడ టైమ్‌కీపర్ ఉద్యోగం మనవల్ల కాదు” అన్నారు కంట్రోలర్ గారు.

తూర్పు గేటు దగ్గర, 1932లో మేరీ కోల్టర్ కట్టించిన రాతి బురుజు పక్కన నిలబడి తొలిసారి గ్రాండ్ కాన్యన్ చూశాం. కింద మైలు లోతు, అడుగున దారంలా కొలరాడో నది. నాన్నగారు చాలాసేపు చూసి, “ఇది సినిమాకి పట్టదురా” అన్నారు. అంతే.

మీరు వెళ్ళేట్టయితే

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పాఠక మహాశయులకు నా అనుభవం కొద్దీ నాలుగు ముక్కలు.

ముందు టిక్కెట్ ధర చూడకండి. ఏం చూడాలో తేల్చుకోండి. గాజు వంతెన, వేగాస్ దీపాలు చాలనుకుంటే వేగాస్ మంచిదే. నేషనల్ పార్కే కావాలంటే ఫీనిక్స్ నిక్షేపంలా ఉంటుంది. డ్రైవింగు తక్కువ కావాలంటే ఫ్లాగ్‌స్టాఫ్. దానికి 30 మైళ్ళ దూరంలో విలియమ్స్ నుంచి పార్కు దాకా రైలు కూడా ఉంది. 1901లో మొదలై, 1968లో ఆగి, 1989లో మళ్ళీ నడిచిన రైలది.

నార్త్ రిమ్ ఎదురుగా కనిపిస్తోంది గదా అని మోసపోకండి. పిట్టకి పది మైళ్ళు, కారుకి 215 మైళ్ళు. పైగా చలికాలంలో అక్కడికి దారి మూసేస్తారు. 2025 జూలైలో వచ్చిన కార్చిచ్చులో అక్కడి పేరున్న పాత లాడ్జి కాలిపోయింది. ఆ వైపు పోదలచినవారు పార్కు ప్రకటనలు చూసుకునే బయల్దేరాలి.

పెద్దవాళ్ళుంటే ఎత్తు లెక్క చూడండి. రానూపోనూ ఒకే విమానాశ్రయం కావాలన్న పట్టుదల వదలండి. కారు అద్దె ఎక్కువైనా రోజు మిగలొచ్చు.

ఊరికి తిరిగొచ్చాక నాన్నగారు మా వీధి చివర టీ కొట్టు దగ్గర పాత ఆర్టీసీ మిత్రులకి కథంతా చెప్పారు. “మెకన్నాస్ గోల్డ్ లోయ చూశావా? అయితే గ్రాండ్ కాన్యనేగా?” అన్నాడొకాయన.

“కాదోయ్, దానికి వేరే స్టాండులో దిగాలి” అన్నారు నాన్నగారు. తర్వాత కొంచెం తడుముకుని, నా వంక చూసి, “ఆ... ఆల్బు... ఏమిట్రా అది?” అని అడిగారు.