ఫ్లూ వేవ్‌ని ఆలస్యం చేస్తే లాభమేంటి? 17 రోజుల లెక్క

కరోనా తర్వాత నేను ఎక్కడికి వెళ్ళినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. “ఎలాగూ అందరికీ వచ్చేదే కదండీ! విమానాలు ఆపి, స్కూళ్ళు మూసి ఏం సాధించారు?” అని. న్యాయమైన ప్రశ్నే. ఈ రోజు దీనికి ఫ్లూని, అంటే ఇన్‌ఫ్లూయెంజాని ఉదాహరణగా తీసుకుని జవాబు వెతుకుదాం. పెద్ద గణితం అక్కర్లేదు. కాగితం, పెన్ను, ఫోన్‌లో క్యాలిక్యులేటరు ఉంటే చాలు.

ఒక ఊళ్ళో ఒకరికి కొత్తరకం ఫ్లూ వచ్చిందనుకుందాం. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోవడానికి సగటున 3 రోజులు పడుతుంది. ఒక్కొక్కరు సగటున ఒకటిన్నర మందికి అంటిస్తారు. ఒకటిన్నర మనిషి ఎక్కడుంటాడని నవ్వకండి, ఇద్దరు కలిసి ముగ్గురికి అంటిస్తారని అర్థం. కోవిడ్ రోజుల్లో టీవీలో విన్న ‘ఆర్ నంబరు’ ఇదే. ఇప్పుడు క్యాలిక్యులేటర్‌లో 1ని 1.5తో గుణిస్తూ పోండి. 17 సార్లు గుణించేసరికి దాదాపు 1000 వస్తుంది. ఒక్కో సారికి 3 రోజులు, అంటే 51 రోజులు. మోడల్ అంటే మూలంలో ఇంతే. శాస్త్రవేత్తలు దీనికే ఇళ్ళు, బడులు, ఆఫీసులు, ప్రయాణాలు అన్నీ చేర్చి కంప్యూటర్‌లో నడిపిస్తారు.

ముందు విమానాల సంగతి చూద్దాం. జబ్బు ఇంకా పక్క దేశంలోనే ఉంది. అక్కడి నుంచి వైరస్‌తో వచ్చే ప్రతి 10 మందిలో 9 మందిని మనం ఆపేశాం. ఎన్నాళ్ళు కలిసొస్తుంది? చాలామంది నెలల తరబడి అనుకుంటారు. కానీ అక్కడ జబ్బు ప్రతి 3 రోజులకీ ఒకటిన్నర రెట్లు అవుతూనే ఉంది కదా! అది 10 రెట్లు కావడానికి 17 రోజులు చాలు. అప్పుడు మన జల్లెడలోంచి జారిపోయే ఆ పదో వంతే, మొదట్లో వచ్చినంత మంది అవుతారు. అంటే 90 శాతం ఆపితే మనకి దక్కింది 17 రోజులు. 99 శాతం ఆపినా 34 రోజులే. ఇది కాగితం లెక్కే అనుకోండి, కానీ 2006లో నీల్ ఫెర్గూసన్ బృందం బ్రిటన్, అమెరికాల మీద పెద్ద కంప్యూటర్ మోడల్ నడిపినా దాదాపు ఇదే తేలింది. సరిహద్దు ఆంక్షలు 99 శాతానికి మించి పనిచేస్తే తప్ప, 2 నుంచి 3 వారాల కంటే ఎక్కువ ఆలస్యం జరగదని.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మన దేశంలో మొదటి కేసు తేలింది హైదరాబాద్‌లోనే, మే నెలలో. అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడు. ఆయన్ని పట్టుకోగలిగారు. కానీ ఫ్లూ సోకాక లక్షణాలు బయటపడటానికి 1 నుంచి 4 రోజులు పడుతుంది. ఇంకా మొదలుకాని జ్వరాన్ని ఏ కెమెరా చూడగలదు చెప్పండి?

దాదాపు పూర్తిగా ఆపగలిగిన చోటు ఒకటుంది. 1918లో పసిఫిక్‌లోని అమెరికన్ సమోవా ఓడలకి గట్టి క్వారంటైన్ పెట్టింది. అక్కడ ఆ ఫ్లూతో ఒక్కరూ చనిపోలేదు. పక్కనే ఉన్న పశ్చిమ సమోవాలో మాత్రం నవంబరులో ‘టలూన్’ అనే ఓడ దిగింది. అక్కడ జనాభాలో దాదాపు ఐదో వంతు పోయారు. చిన్న దీవి కాబట్టి మొదటివాళ్ళకి సాధ్యమైంది. మనలాంటి దేశానికి అది కుదరదు.

అందుకే రెండో పని, ఊళ్ళో వేగం తగ్గించడం. బడులు, సినిమా హాళ్ళు, సభలు ఆపి 1.5ని 1.2కి దించామనుకుందాం. మొదటి కేసు నుంచే చేస్తే 1000కి చేరడానికి 51 బదులు 114 రోజులు పడుతుంది. రెండు నెలలు మిగిలాయి! అదే పనిని కేసులు 100 అయ్యాక మొదలుపెడితే 72 రోజులు. మిగిలింది మూడు వారాలు. మూసినవి అవే, జనం పడే ఇబ్బందీ అదే. కానీ ఫలితం మూడో వంతే.

ఇది నిజంగా జరిగింది కూడా. 1918 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియా ఊళ్ళో కేసులు బయటపడ్డాయి. అయినా 28న యుద్ధ బాండ్ల కోసం భారీ ఊరేగింపు చేశారు. సుమారు 2 లక్షల మంది వచ్చారు. మూసివేతలు మొదలైంది అక్టోబరు 3న. సెయింట్ లూయిస్‌లో అక్టోబరు 5న కేసులొస్తే 7వ తేదీకే మూసివేతలు మొదలయ్యాయి. తేడా రెండు వారాలు. ఫిలడెల్ఫియాలో అతి ఘోరమైన వారంలో లక్షకి 257 అదనపు మరణాలు, సెయింట్ లూయిస్‌లో 31.

అయితే ఒక మెలిక ఉంది. సెయింట్ లూయిస్‌లో ఆంక్షలు సడలించాక కేసులు మళ్ళీ లేచాయి, మళ్ళీ మూయాల్సొచ్చింది. ఆ ఏడాది చివరికి లెక్కేస్తే అక్కడి మరణాలు ఫిలడెల్ఫియాలో సగం దాకా ఉన్నాయి. జబ్బు పడనివాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారు కదా. వైరస్ ఎక్కడికీ పోలేదు, ఆగిందంతే.

మరి ఆలస్యం ఎందుకు? ఆ రోజుల్ని వాడుకోవడానికి. 2009లో వైరస్‌ని ఏప్రిల్‌లో గుర్తించారు. అమెరికాలో వ్యాక్సిన్ వేయడం అక్టోబరులో మొదలైంది. అప్పటికే అక్కడ వేవ్ శిఖరానికి చేరుతోంది. అక్కడ మూడు వారాలు కలిసొచ్చుంటే ఎంతమందికి సూది ముందే పడేదో ఆలోచించండి. పడకలు, ఆక్సిజన్, నర్సుల శిక్షణ కూడా అంతే.

కాబట్టి ఆ ప్రశ్నకి నా జవాబు ఇది. ఆలస్యం చేయడమంటే టైము అప్పు తెచ్చుకోవడం. ముందుగా అడిగితే ఎక్కువ దొరుకుతుంది. తెచ్చుకుని ఊరికే కూర్చుంటే మాత్రం దండగే. ఈసారి ఎవరైనా “ఇంకా నాలుగు కేసులే కదా, అప్పుడే ఎందుకు హడావిడి?” అంటే, క్యాలిక్యులేటర్ తీసి 1.5తో గుణించి చూపించండి.