సంఘమునకు సొంత సందేశ సర్వరు: కొనక ముందు వేసికొనవలసిన లెక్క

పడుగు వేయక ముందే పోగుల లెక్క, అచ్చు లెక్క చూచుకొనవలెనని మన ఇండ్లలో పసివారికి సైతము తెలియును. కాని కంప్యూటరు విషయము వచ్చుసరికి మేము ఆ నియమము మరచితిమి. మాకు కలిగిన నష్టము ఇతర ఊళ్ల సంఘములకు కలుగరాదని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మా సంఘమున 60 మంది సభ్యులు. ఆర్డర్లు, నూలు పంపకము, మజూరీ కబుర్లు అన్నియు అందరు వాడెడి ఫోను గ్రూపులోనే నడచుచుండెను. గత యేడు ఒక సభ్యుడు తన కొత్త అంచు నమూనాను అందులో పెట్టెను. ఆ చీర మగ్గము దిగకమునుపే అదే అంచు మరమగ్గపు గుడ్డమీద బజారులో కనబడెను. ఎవరి చేతినుండి పోయినదో తేలలేదు. గ్రూపులో ఎవరెవరు చేరియున్నారో మా రిజిస్టరులో లేకపోవుటయే అసలు లోపము. అందుచే సొంత సర్వరు పెట్టవలెనని కమిటీ తీర్మానించినది. తొందరపడి సభ్యుల పొదుపు సొమ్ముతో పెద్ద కంప్యూటరు కొంటిమి. అది ఆరు నెలలు బల్ల క్రింద దుమ్ము పట్టినది. కారణము క్రింద చెప్పెదము.

మొదటి లెక్క: ఎంత సరుకు నడచును? తెలుగు అక్షరమునకు కంప్యూటరులో సాధారణముగా గుర్తు ఒక్కింటికి 3 బైట్లు పట్టును. నూరు గుర్తుల జాబు 300 బైట్లు. పైకట్టుతో కలిపి ఒక కిలోబైటు అనుకొందము. 60 మంది దినమునకు 50 జాబులు చొప్పున పంపినను 3 మెగాబైట్లు మాత్రమే. మన పిల్లలలో అనేకులు తెలుగు మాటలాడుదురు గాని చదివినది మరాఠీ, తమిళ, కన్నడ, ఒడియా బడులలో; కనుక పెద్దలతో నోటిమాటనే పంపుదురు. నిమిషపు మాట 250 కిలోబైట్లని, మనిషికి నాలుగని వేసినచో 60 మెగాబైట్లు. ఫోటోలు మనిషికి ఐదు, ఒక్కొక్కటి 2 మెగాబైట్లు అయినచో 600 మెగాబైట్లు. మొత్తము దినమునకు 663. ఏడాదికి సుమారు 240 గిగాబైట్లు. అనగా బరువంతయు ఫోటోలదే. ఫోటోను 300 కిలోబైట్లకు కుదించి పంపుట నేర్పినచో ఏడాది బరువు 56 గిగాబైట్లకు దిగును. ఖర్చు లేని పొదుపు ఇదియే.

రెండవ లెక్క: యంత్రము. ఎక్స్‌ఎంపీపీ పద్ధతిపై నడచు ప్రోసోడీ అను సాఫ్ట్‌వేరు ఉచితము. 60 మందికి దానితో ఒక గిగాబైటు మెమరీ చాలును. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 వంటి అరచేతి యంత్రమే సరిపోవును. మ్యాట్రిక్స్ పద్ధతిలోని సినాప్స్ సాఫ్ట్‌వేరు పెట్టదలచినవారు అంతకంటె ఎక్కువ మెమరీ చూచుకొనవలెను. చిన్న మెమరీ కార్డు పదే పదే వ్రాతకు అరిగిపోవును గనుక నిల్వకు ఎస్‌ఎస్‌డీ వాడుట మేలు.

మూడవ లెక్క: లైను. మేము దెబ్బతిన్నది ఇచ్చటనే. ప్రకటనలో పెద్ద అక్షరములతో వేయునది దిగు వేగము. సర్వరుకు కావలసినది ఎక్కు వేగము. పది మగ్గములకు కండెలు చుట్టువారు ఒక్కరే అయినచో మగ్గములు ఎంత మంచివైనను ఆగవలసినదే గదా! 2 మెగాబైట్ల ఫోటో ఒకటి తక్కిన 59 మందికి చేరుటకు 118 మెగాబైట్లు, అనగా 944 మెగాబిట్లు పోవలెను. సెకనుకు 10 మెగాబిట్ల ఎక్కు వేగమున్న లైనుపై సుమారు ఒక నిమిషము 34 సెకండ్లు పట్టును. కుదించిన ఫోటో 14 సెకండ్లలో పోవును.

ఇంకొక చిక్కు కలదు. ఐపీవీ4 చిరునామాలు కొరవడినవి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే చివరి మూటకు వచ్చెను. అందుచే అనేక కంపెనీలు నూరిండ్లకు ఒకే చిరునామా పంచుచున్నవి. లోపలివారు బయటకు పోగలరు గాని, బయటినుండి వచ్చిన కబురు ఏ ఇంటికి పోవలెనో తెలియదు. మా లైను అట్టిదే. యంత్రము గదిలో చక్కగా పనిచేసెను, వీధిలోని సభ్యునికి అందలేదు. కనుక యంత్రము కొనకముందే స్థిర చిరునామా ఇత్తురా, 5222 ద్వారము తెరచి ఉంచనిత్తురా అని కంపెనీని అడిగి వ్రాతమూలముగా తీసికొనవలెను.

నాలుగవ లెక్క: కరెంటు. చిన్న యంత్రము, రౌటరు కలిపి 20 వాట్లు అనుకొందము. నెలకు 15 యూనిట్లు దాటదు. 12 వోల్టుల 7 ఆంపియరు గంటల బ్యాటరీలో 84 వాటు గంటలు ఉండును. నష్టములు పోగా రెండు మూడు గంటలు నడచును. అంతకు మించి కరెంటు పోవు ఊళ్లలో బయటి సర్వరును నెల అద్దెకు తీసికొనుటయే మేలు. అప్పుడు స్థిర చిరునామా చిక్కు కూడ ఉండదు.

ఐదవది కాపలా. పేరు రుసుము, భద్రతా సర్టిఫికెట్టు గడువు దాటనీయరాదు. నకలు దినము తీసి వారమునకొకటి వేరొక ఇంట ఉంచవలెను. తాళపు మాట కవరులో సీలు వేసి అధ్యక్షుని బీరువాలో ఉంచవలెను. చూచుకొను కుర్రవాడు వేరే ఊరు పోయినచో పని ఆగరాదు.

ఒక సంగతి దాచరాదు. సొంత సర్వరు ఉన్నంత మాత్రమున నమూనా దొంగతనము ఆగదు. తెర చూచినవాడు ఫోటో తీయగలడు. అందుచే కొత్త నమూనాలు నేయువారికి, కార్యదర్శికి మాత్రమే కనబడు చిన్న గదిలో ఉంచుచున్నాము. ఎవరు చూచుచున్నారో ఇప్పుడు రిజిస్టరు చెప్పగలదు. మాకు దొరికిన లాభము అదియే. అది చిన్నది కాదు.

పెద్ద కంప్యూటరును తక్కువ ధరకు అమ్మివేసితిమి. ఆ తేడాను సర్వసభ్య సమావేశములో చదివి వినిపించితిమి. ఇతర సంఘములవారు పై లెక్కలలో తమ సంఖ్యలు వేసి చూచుకొని, ఆ పిమ్మటనే సభ్యుల సొమ్ము ముట్టవలెనని కోరుచున్నాము.