రంగు మార్చే కిటికీ

పిల్లలూ! మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు పడమటి కిటికీ పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో మన ఉప్పుగూడ వాళ్ళకు వేరే చెప్పాలా? తెర వేస్తే గది చీకటి. తెర తీస్తే వెలుతురుతోపాటు వేడి కూడా లోపలికి వచ్చేస్తుంది. తెర అక్కరలేకుండా గాజే తనంతట తాను ముదురు రంగుకు మారి ఎండను ఆపితే? సాయంత్రం మళ్ళీ తేటగా మారితే? అలాంటి గాజు ఉంది. దాని రహస్యం ఒక లోహ ఆక్సైడు పొరలో ఉంది.

రంగు ఎక్కడిది?

పాతకాలపు విద్యుద్దీపంలో వెలిగే సన్నని తీగ మీరు చూసే ఉంటారు. అది టంగ్‌స్టన్ అనే లోహం. ఈ లోహం ఆక్సిజన్‌తో కలిస్తే లేత పసుపురంగు పొడి వస్తుంది. అదే టంగ్‌స్టన్ ఆక్సైడు. దీనిని హైడ్రోజన్‌లో వేడిచేస్తే రంగు మారుతుందని స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1815లోనే గమనించాడు. వేడితో పని లేకుండా విద్యుత్తుతోనే ఈ ఆక్సైడు పొరకు నీలిరంగు తెప్పించవచ్చునని 1969లో సత్యేన్ దేబ్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ప్రకటించాడు.

ఇది ఎలా జరుగుతుంది? పొర ఎంతో పలుచగా ఉంటే దానికి రంగే కనబడదు. దానిలోకి బ్యాటరీ నుంచి ఎలక్ట్రాన్లను పంపుతారు. వాటి ఋణావేశానికి సరిపడా లిథియం వంటి ధన అయాన్లు కూడా వెంట చేరుతాయి. అప్పుడు పొరలోని కొన్ని టంగ్‌స్టన్ పరమాణువులు ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుంటాయి. ఈ ఎలక్ట్రాన్లు ఒక పరమాణువు నుంచి మరొకదానికి గెంతుతూ ఎర్రని కాంతిని, కంటికి కనబడని పరారుణ కిరణాలను పీల్చుకుంటాయి. మిగిలిన కాంతి నీలంగా కనబడుతుంది. ఎండలోని శక్తిలో దాదాపు సగం పరారుణ కిరణాలదే కాబట్టి వేడి కూడా తగ్గుతుంది. బ్యాటరీ తీగలను తారుమారు చేస్తే ఎలక్ట్రాన్లు, అయాన్లు వచ్చిన దారినే పోతాయి. గాజు మళ్ళీ తేటపడుతుంది.

దీనికి రెండు మూడు వోల్టులు చాలు. రంగు మారేటప్పుడే విద్యుత్తు ఖర్చు. మారిన తరువాత ఆ రంగు చాలాసేపు అలాగే నిలుస్తుంది.

గాజులోని అంతస్తులు

రెండు గాజు పలకల లోపలి ముఖాలకు విద్యుత్తును పోనిచ్చే పారదర్శకమైన పూత ఉంటుంది. ఒక పలక మీద టంగ్‌స్టన్ ఆక్సైడు, రెండవదాని మీద సాధారణంగా నికెల్ ఆక్సైడు పూస్తారు. నడుమ అయాన్లు నడిచే విద్యుద్విశ్లేష్యం ఉంటుంది. టంగ్‌స్టన్ పొరకు ఎలక్ట్రాన్లు చేరి అది నీలంగా మారేటప్పుడు, నికెల్ పొర ఎలక్ట్రాన్లను పోగొట్టుకొని గోధుమరంగుకు తిరుగుతుంది. రెండూ కలిసి ఎండను ఆపుతాయి. ఒక విధంగా ఈ కిటికీ, కాంతి దూరగల బ్యాటరీ అన్నమాట!

పూత ఎలా వేయాలి?

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆక్సైడు పొర మందం కొన్ని వందల నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మన తలవెంట్రుక కంటే వంద రెట్లకు పైగా పలుచని ఈ పొర, తలుపంత గాజు మీద అంతటా ఒకే మందంలో ఉండాలి. గాలిని తోడేసిన పెద్ద పెద్ద యంత్రాలలో ఇలాంటి పూత చక్కగా వేయవచ్చు. కాని ఆ యంత్రాలు చాలా ఖరీదు. అందుకే చవక పద్ధతుల కోసం వెతుకుతున్నారు.

మొదటిది చిమ్మడం. టంగ్‌స్టన్ లవణ ద్రావణాన్ని సుమారు 300 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడిగల గాజు మీద మంచులా చిమ్ముతారు. నీరు ఆవిరై, లవణం విడిపోయి, ఆక్సైడు అంటుకుంటుంది. క్షౌరశాలలో నీళ్ళు చిమ్మే సీసా గుర్తుందా? సూత్రం అటువంటిదే.

రెండవది గిల్టు నగలకు పూత వేసినట్లు విద్యుత్తుతో వేయడం. టంగ్‌స్టన్ పొడిని హైడ్రోజన్ పెరాక్సైడులో కరిగించి, ఆ ద్రావణంలో వాహకపు పూత గల గాజును ఋణధ్రువంగా ఉంచుతారు.

మూడవది ముంచి తీయడం. లోహ సమ్మేళనం కలిసిన ద్రావణంలో గాజును ముంచి, ఒకే వేగంతో పైకి లాగుతారు. అంటుకున్న ద్రవం జిగురులా గట్టిపడుతుంది. తరువాత వేడిచేస్తే ఆక్సైడు అవుతుంది. దీనికి సోల్-జెల్ పద్ధతి అని పేరు. మన ఉప్పుగూడకు ఆగ్నేయాన బాలాపూర్‌లో ఉన్న ఎ.ఆర్.సి.ఐ. అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో సోల్-జెల్ పూతలకు ప్రత్యేక విభాగమే ఉంది. విద్యుత్తుతో రంగు మారే పదార్థాలపై హైదరాబాదు ఐ.ఐ.టి.లోను, ఆక్సైడు పొరలపై తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోను పరిశోధనలు జరిగాయి.

మీరే చేసి చూడండి

రెండు గాజు ముక్కలను శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. అంచులు కోసుకోకుండా జాగ్రత్త! చల్లారిన చిక్కని గంజిలో ముంచి, ఒకదానిని మెల్లగా, రెండవదానిని చటుక్కున పైకి లాగండి. దేని మీద గంజి ఎక్కువ అంటింది? వేగంగా లాగినదాని మీద. మెల్లగా లాగితే ద్రవం కిందికి జారడానికి వ్యవధి ఉంటుంది, పొర పలుచనవుతుంది. లాగే చెయ్యి వణికితే చారలు పడతాయి. అందుకే ప్రయోగశాలలో ఆ పని మోటారు చేస్తుంది.

మిగిలిన పని

పూత చవక అయితే సరిపోతుందా? ఒక లెక్క వేద్దాం. కిటికీ రోజుకు మూడుసార్లు రంగు మారి, 20 ఏళ్ళు పనిచేయాలంటే 3×365×20, అంటే 21,900 సార్లు మారాలి. మారిన ప్రతిసారీ అయాన్లు పొరలోకి దూరి, బయటికి రావాలి. సున్నం మందంగా పూసిన గోడ పెచ్చులూడినట్లు, ద్రావణంతో వేసిన పొర మందమైతే ఆరేటప్పుడే పగుళ్ళు వస్తాయి. దుమ్ము పడినచోట మచ్చ మిగులుతుంది. గాజు పెద్దదైతే రంగు అంచుల నుంచి నడుమకు పాకడానికి నిమిషాలు పడుతుంది. పైగా కాంతిని పీల్చుకున్న గాజు తానూ వేడెక్కుతుంది. అందుకే దానిని జంట గాజులలో బయటివైపు అమర్చుతారు.

మాదాపూర్‌లోని అద్దాల మేడలకు ఇలాంటి గాజు వస్తే చల్లదనపు యంత్రాల విద్యుత్తు ఖర్చు తగ్గుతుంది. రేకుల ఇళ్ళలో మాత్రం వేడి ఎక్కువగా వచ్చేది పైకప్పు నుంచి. వాటికి ముందు కావలసింది ఎండను తిప్పికొట్టే తెల్లని పూత. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది అందుకే. ఏ ఇంటికి ఏ పూత కావాలో తెలుసుకోవడం కూడా విజ్ఞానమే.

రంగు మారుతుందని తెలిసి యాభై ఏళ్ళు దాటింది. తక్కువ ఖర్చుతో, సమంగా, ఏళ్ళ తరబడి నిలిచేలా ఆ పొరను పరచడమే మిగిలింది. ఆ పని మీలో ఎవరైనా ఎందుకు చేయకూడదు?