కెమెరా పోయినా లెన్సు మిగులుతుంది

1987లో కేనన్ సంస్థ ఈఓఎస్ కెమెరాలు తెచ్చినప్పుడు లెన్సు తగిలించే మౌంటునే మార్చేసింది. 1971 నుంచి తాను అమ్ముతూ వచ్చిన ఎఫ్‌డీ లెన్సులు కొత్త కెమెరాకు పట్టవు. ఏళ్ల తరబడి ఒక్కో లెన్సూ కూడబెట్టుకున్న ఫొటోగ్రాఫర్లకు అది గట్టి దెబ్బ. ఇందులో ఓ చిత్రమైన సంగతి ఉంది. కేనన్ సొంత లెన్సుకు దొరకని చోటు, మాస్కో దగ్గరి క్రాస్నగోర్స్క్ కర్మాగారంలో జెనిత్ కెమెరాల కోసం తయారైన హీలియోస్ లెన్సుకు దొరికింది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం కూడా లేని రింగు ఒకటి మధ్యలో పెడితే చాలు, ఆ సోవియట్ లెన్సు జపాన్ కెమెరా మీద కూర్చుని దగ్గరి ముఖం నుంచి దూరపు కొండ దాకా ఫోకస్ అవుతుంది. పోటీ కంపెనీల మధ్య ఒప్పందమేదీ లేకుండానే ఇది సాధ్యమైంది. పాత మాన్యువల్ లెన్సులు నేటి డిజిటల్ కెమెరాల మీద మళ్లీ ఎందుకు కనిపిస్తున్నాయో అర్థం కావాలంటే ఈ సన్నని రింగు దగ్గర మొదలుపెట్టాలి.

ఈ లెన్సుల మీద మక్కువ ఉన్నవాళ్లు సాధారణంగా వాటి అందాన్ని పొగుడుతారు. హీలియోస్ 44-2తో ముఖం తీస్తే వెనక ఉన్న ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. ఎదురు వెలుతురులో బొమ్మంతా పల్చని తెల్లదనం కమ్ముకుంటుంది. ఇవన్నీ ఉన్నమాటే. అయినా పాత లెన్సుల విలువను వాటి లోపాల్లో వెతకడం వాటికి న్యాయం చేయదని నా అభిప్రాయం. అరవై ఏళ్ల కిందటి లెన్సు ఈ ఏడాది కొన్న కెమెరా మీద పనిచేస్తోందంటే, ఆ ఘనత దాని నిర్మాణానిది. ఫోకస్‌కు ఒక రింగు, అపర్చర్‌కు ఇంకో రింగు, వెలుతురును ఒక తలం మీదికి చేర్చే గాజు: తన పనికి కావలసినవన్నీ తనలోనే ఉన్న పూర్తి పనిముట్టు అది. కెమెరా నుంచి దానికి కావలసింది సరైన దూరంలో నిటారుగా పట్టుకోవడం ఒక్కటే. దూరం లెక్క కుదిరితే ఆ ఒక్క అవసరాన్నీ ఏ కంపెనీ కెమెరా అయినా తీర్చగలదు.

ఆ దూరం లెక్క కొంచెం వివరంగా చూడాలి. ప్రతి మౌంటుకూ, లెన్సు ఆనే లోహపు అంచుకూ ఫిల్ము తలానికీ మధ్య కచ్చితమైన దూరం ఒకటి నిర్ణయించి ఉంటుంది. లెన్సు ఫిల్ముకు అంతకంటే దూరంగా జరిగితే దూరపు వస్తువులు ఎప్పటికీ స్పష్టంగా రావు. సీసా మూతలా మరతో బిగించే ఎం42 మౌంటుకు ఆ దూరం 45.46 మిల్లీమీటర్లు, కేనన్ ఈఓఎస్‌కు 44, పాత ఎఫ్‌డీకి 42, నికాన్ ఎఫ్‌కు 46.5. ఎం42 హీలియోస్‌కూ ఈఓఎస్‌కూ తేడా 1.46 మిల్లీమీటర్లు, ఆ ఖాళీలో రింగు పడుతుంది. ఎఫ్‌డీ లెన్సు మాత్రం ఈఓఎస్ అంచుకు ఇంకో రెండు మిల్లీమీటర్లు లోపలికి పోతే తప్ప పనిచేయదు. అందుకే దానికి మధ్యలో అదనపు గాజు పెట్టాల్సి వచ్చేది. ఈ దూరాలన్నీ నలభై దాటి ఉండటానికి కారణం ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సు వెనక పైకి లేచే అద్దం. 2008లో పానాసోనిక్ జీ1తో మొదలైన మిర్రర్‌లెస్ కెమెరాలు ఆ అద్దాన్ని తీసేశాయి. దూరం ఒక్కసారిగా తగ్గింది: సోనీ ఈ మౌంటులో 18, నికాన్ జడ్‌లో 16, కేనన్ ఆర్ఎఫ్‌లో 20 మిల్లీమీటర్లు. ఇక ఏ పాత ఎస్ఎల్ఆర్ లెన్సుకైనా మిగిలిన ఖాళీని పూరించే బోలు గొట్టం ఒకటి చాలు. 2013లో సోనీ ఏ7 వచ్చాక పాత లెన్సు పూర్తి 35 ఎంఎం చట్రాన్ని తనకు ముందు నుంచీ ఉన్న కోణంతోనే చూడగలిగింది. 1987లో వీధిన పడ్డ ఎఫ్‌డీ లెన్సు 2018లో ఆర్ఎఫ్ మౌంటు వచ్చాక 22 మిల్లీమీటర్ల గొట్టం తోడుతో కేనన్ కెమెరా మీదికే తిరిగొచ్చింది. దాన్ని దూరం పెట్టింది కొత్త సాంకేతికత, వెనక్కి తెచ్చిందీ అంతకంటే కొత్త సాంకేతికతే.

ఇప్పటి ఎలక్ట్రానిక్ లెన్సును దీని పక్కన పెట్టి చూడండి. చాలా మిర్రర్‌లెస్ లెన్సుల్లో ఫోకస్ రింగుకూ లోపలి గాజుకూ నేరుగా సంబంధం లేదు. రింగు తిప్పితే ఒక సంకేతం వెళ్తుంది, దాన్ని చదివి మోటారు గాజును కదుపుతుంది. కరెంటు లేకపోతే ఆ రింగు ఊరికే తిరుగుతుంది. అపర్చర్ కూడా కెమెరా ఆజ్ఞాపిస్తేనే కదులుతుంది. గీతలు వంగకుండా సరిచేసే పని కొంత కెమెరాలోని సాఫ్ట్‌వేర్‌కు వదిలేసి రూపొందించిన లెన్సులూ ఉన్నాయి. అలాంటి లెన్సును పరాయి కెమెరాకు తగిలించాలంటే గొట్టం సరిపోదు, రెండు కంపెనీల సంకేత భాషలూ తెలిసిన చిప్పు కావాలి. పాత లెన్సు దగ్గర ఈ సమస్యే లేదు. కెమెరా తన మీద పడ్డ వెలుతురును కొలిచి షట్టర్ వేగం తానే నిర్ణయించుకుంటుంది. లెన్సు లేకపోయినా షట్టర్ పడేలా మెనూలో ఒక అనుమతి ఇవ్వాలి, చేతి వణుకు సరిచేసే ఏర్పాటు కెమెరాలో ఉంటే ఫోకల్ లెంగ్త్ అంకె నమోదు చేయాలి. అంతటితో సరి. 1960ల లెన్సుకు ఇప్పటి సెన్సర్ ఇచ్చే వణుకు నివారణ కూడా అందుతుంది.

కొత్త లెన్సుల పదును వీటికెక్కడిది అన్న అభ్యంతరం చాలావరకు సరైనదే. నికాన్ మాన్యువల్ ఏఐ-ఎస్ 50 ఎంఎం ఎఫ్/1.2లో ఏడు గాజులు, బరువు సుమారు 360 గ్రాములు. అదే కంపెనీ జడ్ మౌంటుకు చేసిన 50 ఎంఎం ఎఫ్/1.2లో 17 గాజులు, బరువు 1,090 గ్రాములు. పూర్తిగా తెరిచిన అపర్చర్‌లో ఈ రెండింటికీ పోలికే లేదు. పాతది మసకగా మెత్తగా ఉంటుంది, కొత్తది మూలల దాకా గీత గీసినట్టు చూపిస్తుంది. అయితే పాత లెన్సుల్లో ముఖ్యంగా 50 ఎంఎం జాతివి ఇప్పటికీ నిలబడటానికి ఒక చరిత్ర ఉంది. 1896లో జైస్‌లో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన ప్లానార్‌లో అపర్చర్‌కు ముందూ వెనకా గాజులు దాదాపు ఒకే తీరున ఎదురెదురుగా కూర్చుంటాయి. ముందు సగంలో పుట్టే కొన్ని దోషాలను వెనక సగం కొట్టేస్తుంది. లెక్క బాగుంది కానీ అప్పట్లో అది ఆచరణలో తేలిపోయింది. పూత లేని గాజు ప్రతి తలం దగ్గరా పడిన వెలుతురులో దాదాపు నాలుగు శాతాన్ని వెనక్కి కొడుతుంది. గాలికి ఎదురుగా ఎనిమిది తలాలు ఉంటే పావు వంతుకు పైగా వెలుతురు దారిలోనే పోతుంది. పోయిందాంట్లో కొంత లోపలే ఎగిరెగిరి పడి బొమ్మలోని నలుపును బూడిద చేస్తుంది. 1935లో జైస్‌లోనే అలెగ్జాండర్ స్మాకులా ప్రతిఫలనం తగ్గించే పూతను పేటెంట్ చేశాక ఆ అడ్డంకి తొలగింది. హీలియోస్‌కు మూలమైన విల్లీ మెర్టె బయోటార్ కూడా ఈ వంశంలోదే. అంటే 1960ల నాటికి 50 ఎంఎం లెన్సు ప్రయోగ దశ దాటి పండిపోయిన డిజైను. అపర్చర్‌ను ఎఫ్/5.6, ఎఫ్/8కు తెచ్చాక అప్పటి మంచి 50కీ ఇప్పటిదానికీ తేడా సాధారణ చూపుకు అందదు. పైగా ఏ4 సైజు పేజీని అంగుళానికి 300 చుక్కలతో అచ్చు వేయడానికి తొమ్మిది మెగాపిక్సెళ్లు కూడా అక్కర్లేదు. పత్రిక ముఖచిత్రానికి సరిపోయే పదును ఆ లెన్సుల్లో ఎప్పటి నుంచో ఉంది.

ఈ మాట అన్ని పాత లెన్సులకూ చెల్లదు. ఆనాటి జూమ్ లెన్సుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు కొనదగినవి కావు. ఎస్ఎల్ఆర్ అద్దానికి చోటు వదిలి వెడల్పు కోణం సాధించడం కంప్యూటర్ లెక్కలు పెరిగాకే బాగా కుదిరింది కాబట్టి పాత వైడ్ లెన్సుల మూలలు చాలాచోట్ల నీరసంగా ఉంటాయి. రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్సులకు మరో చిక్కు ఉంది. ఫిల్ముకు ముందు గాజు ఏమీ ఉండేది కాదు, సెన్సర్ ముందు మాత్రం వడపోత గాజు పొర ఉంది. ఏటవాలుగా వచ్చే కిరణాలు దాన్ని దాటేటప్పుడు చెదిరి అంచులు అలికినట్టవుతాయి. 50, 85, 100, 135 ఎంఎం లెన్సుల దగ్గర ఆగితే ఈ బాధలు చాలావరకు ఉండవు. చిన్న ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్నవాళ్లు మాత్రం 50 అక్కడ దాదాపు 75లా చూస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

ఆటోఫోకస్ లేకపోవడం ఇంతకంటే బరువైన అభ్యంతరం. పరుగెత్తే పిల్లలు, కబడ్డీ ఆట, పెళ్లిలో తలంబ్రాల వేళ మాన్యువల్ రింగు నమ్ముకోవడం అమాయకత్వం. అక్కడ ఆటోఫోకసే సరైన పనిముట్టు. కానీ చేతితో ఫోకస్ చేయడం కష్టమన్న అభిప్రాయం చాలామందికి మిర్రర్‌లెస్ కంటే ముందు కెమెరాల నుంచి వచ్చింది. 1985లో మినోల్టా 7000 తర్వాత ఆటోఫోకస్ కెమెరాల వ్యూఫైండర్లు వెలుతురు పెంచుకునే క్రమంలో, పాత కెమెరాల్లో మధ్యలో ఉండే చీలిక బొమ్మ సాయాన్ని వదిలేశాయి. దాంతో డిజిటల్ ఎస్ఎల్ఆర్ మీద మాన్యువల్ లెన్సు వాడటం నిజంగానే యాతన అయింది. ఇప్పుడు ఫోకస్ కుదిరిన అంచులు రంగుతో మెరుస్తాయి. ఒక బటన్ నొక్కితే కనురెప్ప వెంట్రుకలు వ్యూఫైండర్ నిండా పెద్దవవుతాయి. కదలని మనిషి, గుడి గోపురం, చేనేత మగ్గం, పువ్వు వంటి విషయాల్లో ఈ లెన్సును అది పుట్టిన కాలంలో కంటే ఇవాళే కచ్చితంగా ఫోకస్ చేయొచ్చు.

ఇక అందం సంగతి. సుడి తిరిగే నేపథ్యం కోసం ప్రతి ముఖాన్నీ ఆకుల ముందే నిలబెట్టి పూర్తి అపర్చర్‌లో తీసిన బొమ్మలు లెక్కలేనన్ని వస్తున్నాయి. వాటిలో మనిషి కంటే లెన్సే ఎక్కువ మాట్లాడుతుంది. అలాంటి రూపం సాఫ్ట్‌వేర్‌తో తెప్పించవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. రేపు ఇంకా బాగా తెప్పించవచ్చు కూడా. పాత లెన్సుకున్న ఆకర్షణ అదొక్కటే అయితే దాని కథ అక్కడితో ముగిసేది. సినిమా వాళ్ల అనుభవాన్ని కూడా ఇదే దృష్టితో చూడాలి. 2016 నాటి 'రోగ్ వన్' చిత్రానికి ఛాయాగ్రాహకుడు గ్రెగ్ ఫ్రేజర్ అలెక్సా 65 డిజిటల్ కెమెరా మీద 1950, 60 దశకాల నాటి అల్ట్రా పానావిజన్ 70 లెన్సులు వాడారు. డిజిటల్ పదునును మెత్తబరచడానికి అలా చేస్తారని చెబుతారు, అదీ ఒక కారణమే. నన్ను ఆకట్టుకునేది ఇంకొకటి: అన్ని దశాబ్దాల తర్వాత, అవి పుట్టినప్పుడు ఎవరూ ఊహించని సెన్సర్ ముందు, ఆ గాజు పెద్ద తెర సినిమా బరువు మోయగలిగింది.

మరమ్మతు దగ్గర ఈ తేడా డబ్బుగా కనిపిస్తుంది. పాత లెన్సులో సాధారణంగా వచ్చే జబ్బులు మూడు నాలుగే: మరలో గ్రీజు గట్టిపడటం, అపర్చర్ రేకుల మీదికి నూనె పాకడం, గాజు మీద ఫంగస్. విప్పి, తుడిచి, కొత్త గ్రీజు రాసి బిగించే పనితనం ఉన్న మెకానిక్ ఉంటే కంపెనీ గడప తొక్కనక్కర్లేదు. కొత్త లెన్సులో మోటారో, రేకులాంటి కేబులో, సర్క్యూటో పోతే ఆ విడిభాగం కంపెనీ దగ్గరే దొరకాలి, అదీ వాళ్లు ఇస్తున్నన్నాళ్లే. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు చర్చంతా ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ యంత్రాలు, ఇంటి పరికరాల చుట్టూ తిరిగింది. ఆ చర్చలో లెన్సులకూ చోటుండాలి. పెళ్లి ఫొటోల మీద బతికే చిన్న స్టూడియోకు లెన్సు అంటే పెట్టుబడి. కొద్ది ఏళ్లలో విలువ కరిగిపోయే కెమెరా పక్కన, విప్పి బాగు చేసుకోగల లెన్సు ఉండటం వాళ్లకు నిజమైన ఆసరా.

లైకా ఎం మౌంటు 1954 నుంచి అలాగే ఉంది. జపాన్‌లో కోసినా సంస్థ ఫోయిగ్ట్‌లాండర్ పేరుతో మాన్యువల్ లెన్సులు ఇంకా కొత్తగా చేస్తోంది. చైనా నుంచి టీటీఆర్టిసాన్, 7ఆర్టిసాన్స్ లాంటివి తక్కువ ధరకే వస్తున్నాయి. గిరాకీ ఉందని దీంతో తేలుతోంది. ఆటోఫోకస్ వదిలేయమని పెద్ద కంపెనీలను ఎవరూ అడగరు. కరెంటు లేకపోయినా గాజును నేరుగా కదిపే ఫోకస్ రింగు, చేతితో తిరిగే అపర్చర్ రింగు ఉంచమనీ, విడిభాగాలూ మౌంటు సంకేతాల వివరాలూ బయట పెట్టమనీ అడగడంలో తప్పులేదు. అలా చేస్తే మోటారు చచ్చిపోయిన రోజున కూడా ఆ లెన్సు లెన్సుగానే మిగులుతుంది.

ఈలోగా రీలు రోజుల నుంచి స్టూడియో బీరువాల్లో పడి ఉన్న జెనిత్, పెంటాక్స్, నికాన్ లెన్సులను ఒకసారి బయటికి తీసి చూడటం మంచిది. టార్చి వెలుతురును వెనక నుంచి పంపి చూస్తే సాలెగూడులాంటి ఫంగస్ పోగులు కనిపిస్తాయి. మొదట్లో అయితే శుభ్రం చేయొచ్చు, గాజు పూతను తినేశాక ఏమీ చేయలేం. అపర్చర్ రేకులు పొడిగా, చురుగ్గా కదలాలి. రింగు బిగుసుకున్నా పర్వాలేదు, అది గ్రీజు పని. పెంటాక్స్ వారి కొన్ని పాత టాకుమార్ లెన్సుల గాజు పసుపు పచ్చగా మారి ఉంటుంది. అందులో థోరియం కలిసింది కాబట్టి స్వల్పంగా రేడియోధార్మికత ఉంటుంది. మామూలుగా వాడటంలో భయం లేదు కానీ గాజును గీకడం, పగలగొట్టడం చేయకూడదు. కొన్ని రోజులు ఎండలోనో అతినీలలోహిత దీపం కిందో ఉంచితే ఆ పసుపు చాలావరకు విరుగుతుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి తేమ ఊళ్లలో తోలు సంచీలో పెట్టి దాచడమే లెన్సుకు అన్నిటికంటే చెడు చేస్తుంది, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, తేమ నలభై, యాభై శాతం మధ్య ఉండేలా చూసి, అప్పుడప్పుడూ బయటికి తీసి వెలుతురులో నాలుగు ఫొటోలు తీస్తుంటే ఆ లెన్సు వచ్చే తరం కెమెరాకు కూడా సిద్ధంగా ఉంటుంది.