రోజుకో సంగతి: మనసులో నిలిపేదెలా?

1825 మే 31న చంద్రగ్రహణం. అది ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్త గుణించి చూపాడు. నేల మీద గవ్వలు పేరుస్తూ, తీస్తూ లెక్క నడిపాడు. అందుకు కావలసిన పట్టికలన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న జాన్ వారెన్ ఆ పద్ధతిని శ్రద్ధగా గమనించి, ‘కాలసంకలిత’ అనే తన గ్రంథంలో రాసిపెట్టాడు. గ్రహణం పట్టే వేళలో పంచాంగకర్త లెక్కకు వచ్చిన తేడా 4 నిమిషాలు. మధ్యకాలంలో 23 నిమిషాలు, విడుపులో 52 నిమిషాలు. కేవలం ధారణ మీద నడిచిన లెక్కకు ఇది సామాన్యమైన ఫలితం కాదు.

ఆ పంచాంగకర్తకు జ్యోతిష సిద్ధాంతం బొత్తిగా తెలియదనీ, జ్ఞాపకశక్తి మాత్రం చాలా గట్టిదనీ వారెన్ రాశాడు. రోజుకో కొత్త సంగతి తెలుసుకోవాలనుకునే ప్రతివారికీ ఇందులో రెండు పాఠాలున్నాయి. సరైన అమరిక ఉంటే మనిషి బుర్ర ఎంత సమాచారాన్నయినా మోస్తుందన్నది మొదటిది. కారణం తెలియని జ్ఞాపకం ఒక హద్దు దగ్గర ఆగిపోతుందన్నది రెండోది. ఆ 52 నిమిషాల తేడా ఎక్కడ పుట్టిందో వెతికి దిద్దాలంటే పట్టికలు చాలవు, సిద్ధాంతం కావాలి.

అంకెలకు అక్షరాల తొడుగు

అన్ని అంకెలు ఎలా గుర్తుంటాయి? తమిళనాట, కేరళలో వాక్య పంచాంగాలు కట్టేవారు అంకెలను మాటలుగా మార్చి వల్లె వేసేవారు. ఆ పద్ధతి పేరు కటపయాది. క, ట, ప, య అక్షరాలు ఒక్కొక్కటీ 1. అక్కణ్ణుంచి వరుసగా 2, 3, 4... మొదటి అక్షరం ఒకట్ల స్థానంలో ఉంటుంది కాబట్టి వచ్చిన అంకెలను తిరగేసి చదవాలి.

కర్ణాటక సంగీతంలో ఇది నేటికీ బతికే ఉంది. పిల్లలు సరళీ స్వరాలు మొదలుపెట్టే మాయామాళవగౌళను చూడండి. పవర్గంలో ‘మ’ అయిదోది, కనుక 5. ‘య’ అంటే 1. తిరగేస్తే 15. డెబ్బై రెండు మేళకర్త రాగాల్లో దాని సంఖ్య సరిగ్గా అదే. ధీరశంకరాభరణంలో ‘ధ’ 9, ‘ర’ 2, అంటే 29వ మేళకర్త. రాగం పేరు తెలిస్తే చాలు, సంఖ్యను విడిగా మోయనక్కరలేదు. కొత్త సంగతిని ముందే తెలిసినదానికి ముడివేస్తే నిలుస్తుందని ఇప్పటి మనోవిజ్ఞానం చెబుతున్నది కూడా ఇదే.

చదివింది ఎందుకు జారిపోతుంది?

పుదుచ్చేరిలోని కదిర్కామంలో ఇందిరా గాంధీ వైద్య కళాశాల ఉంది. ఎముకల పేర్లు, నరాల దారులు, మందుల మోతాదులు అంటూ అక్కడి వైద్య విద్యార్థి ఒక్క రోజులో బుర్రకెక్కించుకోవలసినవి అన్నీ ఇన్నీ కావు. పోటీ పరీక్షలకు చదివేవారిదీ ఇదే అవస్థ. రాత్రి చదివింది తెల్లారేసరికి సగం కనిపించదు.

ఈ మరుపును మొదట కొలిచి చూసినవాడు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థం లేని అక్షరాల గుంపులు తయారు చేసుకుని, తన మీదే ప్రయోగాలు చేసి 1885లో ఫలితాలు ప్రకటించాడు. ఒకసారి నేర్చినదాన్ని ఒక రోజు తర్వాత మళ్ళీ నేర్చుకుంటే, మొదటిసారి పట్టిన శ్రమలో దాదాపు మూడోవంతే కలిసొచ్చింది. నెల తర్వాత అయిదోవంతు. అంటే జారేదంతా ఎక్కువగా మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే జారిపోతోంది. ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుంది.

మెదడు లోపల, చెవుల పైభాగానికి సూటిగా, ఇరువైపులా హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. కొత్త సంగతులు మొదట దాని సాయంతోనే నమోదవుతాయి. నిద్రపోతున్నప్పుడు మెదడు పగటి అనుభవాలను మళ్ళీ కదిలించి, పై పొరల్లో ఉన్న పాత జ్ఞాపకాలతో కలుపుతుంది. నిద్ర మానుకుని చదివే చదువు నిలవకపోవడానికి ఇదొక కారణం.

తిప్పి చదవడం కంటే తలచుకోవడం మేలు

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగుసార్లు చదివింది. మరో జట్టు ఒక్కసారే చదివి, ఆపైన మూడుసార్లు పాఠం చూడకుండా గుర్తున్నంత రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే నాలుగుసార్లు చదివినవారిదే పైచేయి: వారికి 83 శాతం, వీరికి 71. వారం తర్వాత అంతా తారుమారైంది. చదివినవారికి గుర్తున్నది 40 శాతం, తలచుకున్నవారికి 61.

తిప్పి చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆ భ్రమే మనల్ని ముంచుతుంది. పుస్తకం మూసి గుర్తు చేసుకోవడానికి పడే తంటా వృథా పోదు, జ్ఞాపకాన్ని గట్టిపరిచేది అదే.

మరి ఎప్పుడెప్పుడు తలచుకోవాలి? 2008లో సెపెడా అనే పరిశోధకుడి బృందం 1,300 మందికి పైగా మనుషులకు కొన్ని సాధారణ జ్ఞాన విషయాలు నేర్పి, వేర్వేరు ఎడాలతో మననం చేయించింది. వారం తర్వాత గుర్తుండాలంటే ఒకటి రెండు రోజుల ఎడం చాలు. ఏడాది గుర్తుండాలంటే మననానికి కొన్ని వారాల ఎడం కావాలని తేలింది. కాబట్టి నేర్చిన సంగతిని మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి గుర్తు చేసుకోవడం మంచి పద్ధతి.

ముందు ప్రశ్న, తర్వాతే జవాబు

2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ డేవిస్ ప్రాంగణంలో క్విజ్ ప్రశ్నలతో ఒక ప్రయోగం జరిగింది. ప్రశ్న చూపించి, జవాబు ఇవ్వడానికి 14 సెకన్లు ఆగేవారు. ఆ మధ్యలో సంబంధం లేని ఒక ముఖం ఫొటో చూపేవారు. తెలుసుకోవాలన్న ఆత్రం ఎక్కువగా ఉన్న ప్రశ్నల జవాబులు బాగా గుర్తున్నాయి. విశేషమేమిటంటే, ఆ ఆత్రంలో ఉండగా చూసిన ముఖాలు కూడా మిగతావాటికంటే బాగా గుర్తున్నాయి. కుతూహలం కలిగినప్పుడు మెదడులో బహుమతి ఆశను కలిగించే భాగాలూ హిప్పోకాంపస్సూ కలిసి పనిచేస్తాయి. అందుకే రోజుకో సంగతిని జవాబుగా కాక ప్రశ్నగా మొదలుపెట్టాలి. జవాబు చూసే ముందు ఒక ఊహ చేయాలి.

ఒక వారం పాఠం

విడివిడి సంగతులు నిలవవు, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నవి నిలుస్తాయి. పుదుచ్చేరితో మొదలుపెట్టి ఒక వరుస చూద్దాం.

సోమవారం: ఫ్రెంచి ఖగోళజ్ఞుడు ల జాంతీ పుదుచ్చేరికి ఎందుకొచ్చాడు? సూర్యబింబం మీదుగా శుక్రుడు నల్లచుక్కలా దాటిపోవడం చూడటానికి. 1761లో ఆయన ఓడ చేరేలోపే ఊరు ఇంగ్లిషువారి వశమైంది. ఊగే ఓడ మీద తీసిన కొలతలు పనికిరాలేదు. ఎనిమిదేళ్ళు తూర్పు దేశాల్లోనే ఉండి 1769 జూన్ 4న పుదుచ్చేరిలో దుర్భిణితో సిద్ధంగా ఉంటే, సరిగ్గా ఆ సమయానికే మబ్బు కమ్మింది.

మంగళవారం: ఆ చుక్క కోసం అంత పట్టుదల ఎందుకు? భూమి మీద దూరదూరపు చోట్ల నుంచి చూస్తే శుక్రుడి దారి కొద్దిగా వేరుగా కనిపిస్తుంది. ఆ తేడాను బట్టి సూర్యుడి దూరం, అంటే దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు, లెక్కకట్టవచ్చు. ఈ ఘట్టం మళ్ళీ వచ్చేది 2117లో.

బుధవారం: గవ్వలతో గ్రహణాన్ని ఎలా గుణించారు? పైన చదివినదే.

గురువారం: గ్రహణానికీ గుంటూరుకూ ఏమిటి సంబంధం? 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలు వేడెక్కిన వాయువులేనని వర్ణపటంలో చూశాడు. గ్రహణం లేకుండా కూడా వాటిని చూసే ఉపాయం మర్నాడే కనిపెట్టాడు.

శుక్రవారం: ఆ జ్వాలల వెలుగులో ఏం దొరికింది? భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ చెందని పసుపు గీత. ఆ గీత హీలియంది. భూమి మీద దాన్ని 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్జే పట్టుకున్నాడు.

శనివారం: హీలియంతో మనకేం పని? ఎం.ఆర్.ఐ. యంత్రంలోని అయస్కాంతం మైనస్ 269 డిగ్రీల చలిలో పనిచేస్తుంది. ఆ చలిని ఇచ్చేది ద్రవ హీలియం. 1769 నాటి మబ్బుపట్టిన పుదుచ్చేరి ఆకాశం నుంచి గుంటూరు మీదుగా నేటి ఆసుపత్రి దాకా దారి పడింది.

ఆదివారం కొత్తది వద్దు. ఆరింటినీ పుస్తకం చూడకుండా ఇంట్లో ఒకరికి చెప్పండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మళ్ళీ చదవండి.

నిజమేనా అని అడగాలి

1977లో హాషర్ అనే పరిశోధకురాలి బృందం చేసిన ప్రయోగంలో, పదేపదే విన్న వాక్యాలు అబద్ధమైనా నిజమని అనిపించడం మొదలైంది. రోజూ ఫోన్లోకి వచ్చిపడే ‘మీకు తెలుసా’ సందేశాల ప్రమాదం ఇదే. తప్పును రోజూ మననం చేస్తే తప్పే పాతుకుపోతుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా తెలిసింది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు లేని సంగతిని మీ నోటుబుక్కులోకి రానివ్వకండి.

కదిర్కామంలో చదువుకునే యానాం విద్యార్థికైనా, గుంటూరులో బడిపిల్లకైనా, పింఛను తీసుకుంటున్న పెద్దలకైనా దీనికి కావలసింది ఒక నోటుబుక్కు, రోజుకు పది నిమిషాలు. పేజీకి ఒక ప్రశ్న, దాని కింద జవాబు, ఆ కింద ‘ఎందుకు’ అన్నదానికి రెండు వాక్యాలు. ఏడాదికి మూడు వందల సంగతులు నిజంగా మీవవుతాయి. మొదటి ప్రశ్న ఈ రాత్రే రాసుకోండి. జవాబు రేపు వెతకండి.